'సూపర్‌అన్‌నోన్' వింటుంటే తాళం ఎక్కడ తప్పుతోంది?

మీ ప్రశ్న సారాంశం ఇది: ఏడాదిగా గిటార్ నేర్చుకుంటున్నారు. అమెరికన్ రాక్ బృందం నిర్వానా వారి 'నెవర్‌మైండ్' ఆల్బమ్ మొత్తం మీకు కంఠతా వచ్చు. ఆ కాలంలోనే వచ్చిన సౌండ్‌గార్డెన్ వారి 'సూపర్‌అన్‌నోన్' అంతకంటే లోతైనదని ఎవరో చెబితే మూడుసార్లు విన్నారు. 'బ్లాక్ హోల్ సన్' నచ్చింది. తక్కిన పాటల్లో మాత్రం తాళం వేస్తున్న కాలు మాటిమాటికీ తప్పిపోతోంది. లోపం మీ చెవిదా, ఆల్బమ్‌దా అని అడిగారు. దానితోపాటు, గిటారిస్టు కిమ్ థాయిల్ మలయాళీ కుటుంబంలో పుట్టినవాడు కదా, మన సంగీతం ఛాయ ఏదైనా అందులో ఉందా అనీ అడిగారు.

నేను చిన్నతనంలో రాజమండ్రిలో తొమ్మిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను. 1999లో ఉద్యోగరీత్యా సియాటిల్ పక్కకు వచ్చి స్థిరపడ్డాను. ఇక్కడ డ్రమ్స్ పట్టుకుని, ఇప్పుడు వారాంతాల్లో పిల్లలకు నేర్పుతున్నాను. ఈ ఆల్బమ్‌ను ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. అందుకే కొంచెం విస్తారంగానే రాస్తాను.

మీ చెవి సరిగ్గానే పనిచేస్తోంది. మీ కాలు తప్పిన ప్రతిచోటా నిజంగానే ఒక అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క, తగ్గిందో, పెరిగిందో ఉంటుంది. మీరు నాలుగు లెక్కపెడుతున్నారు, వాళ్లు ఏడు వాయిస్తున్నారు. 'నెవర్‌మైండ్' పాటలు దాదాపు అన్నీ నాలుగులోనే సాగుతాయి కాబట్టి మీ కాలు దానికి అలవాటుపడింది. అదే నడకను ఇక్కడికి తెచ్చుకుంటే గడపకు తగిలినట్టే ఉంటుంది.

'స్పూన్‌మ్యాన్'తో మొదలుపెట్టండి. ఆ పాటలో ఎక్కువ భాగం ఏడు అక్షరాలు. ప్రధాన రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరుస) వచ్చినప్పుడు పాదం కదపడం ఆపి, నోటితో 'తకధిమి తకిట' అని పలకండి. మన మిశ్రచాపు తాళంలో మూడు ముందు, నాలుగు తర్వాత వస్తాయి. నాకు ఈ రిఫ్ అందుకు తిరగేసినట్టు, నాలుగు ముందు, మూడు తర్వాత వినిపిస్తుంది. మీకు వేరేలా అనిపిస్తే అలాగే విరుచుకోండి, మొత్తం ఏడైతే చాలు. నాలుగైదు ఆవర్తనాలు, అంటే తాళం పూర్తి చుట్లు, నోటితో పలికాక పాట కుదుటపడుతుంది. ఇంతవరకూ తడబాటుగా తోచినది చక్రంలా గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. మధ్యలో అది నాలుగుకు మారుతుంది. ఆ మార్పు దగ్గర కలిగే ఊరట ఉందే, దానికోసమే ముందంతా ఏడు. ఇరుకు సందులోంచి వెడల్పాటి రోడ్డు మీదికి వచ్చినట్టుంటుంది.

'మై వేవ్' చరణాలు ఐదు అక్షరాలు. ఖండచాపు తెలిసినవాళ్లకు 'తక తకిట' అనుకుంటే వెంటనే పట్టుబడుతుంది. పల్లవి దగ్గర ఇదీ నాలుగులోకి దిగుతుంది. 'ఫెల్ ఆన్ బ్లాక్ డేస్' ఆరు. మన రూపకంలాగా 'తక తకధిమి'. చాలామందికి అది ఆరు అన్న సంగతే తెలియదు, ఎందుకంటే ఎక్కడా కుదుపు ఉండదు. ఆ పాటను నిదానంగా వినండి. డ్రమ్స్ వాయించే మ్యాట్ క్యామరన్ ఆవర్తనం ముగిసే చోటును ఎత్తి చూపడు. వాక్యం పూర్తికాకముందే తర్వాతి వాక్యంలోకి వెళ్లే మాటకారిలాగా సాఫీగా దాటేస్తాడు. పాడేవాడి నిరాశ అలాగే, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగుతుందో తెలియకుండా సాగాలి కదా. తాళం ఆ పని చేస్తోంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది 'ది డే ఐ ట్రైడ్ టు లివ్'. ఇక్కడ ఒక వరుస ఏడు అరలు (అర అంటే సగం అక్షరం), తర్వాతి వరుస ఎనిమిది అరలు, కలిపి పదిహేను. 'తకిట తకధిమి, తకధిమి తకధిమి'. రెండు వరుసలూ ఎనిమిది ఉంటే మామూలు పాటే. మొదటి వరుసలో ఒక్క అర తగ్గించడంతో రిఫ్ ప్రతిసారీ మీరు ఎదురుచూసిన క్షణానికి రవ్వంత ముందే వచ్చి నిలబడుతుంది. పాట విషయం ఏమిటంటే, ఒకరోజు పొద్దున లేచి, అందరిలాగే బతుకుదాం అని బయల్దేరినవాడి ప్రయత్నం. అతని అడుగు జనం అడుగుతో కలవదు. ఆ సంగతి పదాలు చెప్పకముందే పదిహేను చెబుతుంది. 'లిమో రెక్' కూడా పదిహేనులోనే నడుస్తుంది. కాని దాని బరువు వేరు, వేగం వేరు. ఈ రెండింటినీ వరుసగా విని పోల్చి చూడండి.

ఒక జాగ్రత్త చెప్పాలి. మన తాళాల పేర్లు నేను లెక్కకోసం వాడుతున్నాను, అంతే. కచేరీలో ఒకసారి ఆదితాళం పట్టుకున్నాక కృతి ముగిసేదాకా తాళం మారదు. మృదంగం దానిమీద ఎన్ని లెక్కలు వేసినా చివరికి తాళం మొదటి దెబ్బకు, అంటే సమానికి, వచ్చి కలవాలి. సౌండ్‌గార్డెన్‌లో తాళమే మారిపోతుంది, ఐదు కాస్తా నాలుగవుతుంది, మళ్లీ ఐదవుతుంది. పైగా లెక్క ముందు పెట్టుకుని పాట కట్టే అలవాటు తమకు లేదని, రిఫ్ పుట్టాక లెక్కపెట్టుకుంటే అది ఏడో ఐదో అని తేలేదని వాళ్లే చెప్పుకున్నారు. నాకు అది పూర్తిగా నమ్మదగిన మాట. విద్వత్తు చూపించడానికి కట్టిన బేసి తాళాలు వినగానే తెలిసిపోతాయి, అందులో అతుకులు కనబడతాయి. ఇక్కడ అతుకులు లేవు.

లయ తర్వాత చూడవలసింది శ్రుతి. మీరు గిటార్ పట్టుకున్నారు కాబట్టి ఇది చేతితోనే తెలుసుకోవచ్చు. అన్నిటికంటే లావైన తీగ మామూలుగా 'ఇ' స్వరానికి ఉంటుంది. దాన్ని ఒక పూర్తి స్వరం దించి 'డి'కి తెండి. దీన్ని డ్రాప్ డి అంటారు. ఇప్పుడు మూడు లావు తీగలు డి, ఎ, డి అయ్యాయి, అంటే స, ప, స. ఒక్క వేలు మూడింటిమీదా అడ్డంగా ఆనిస్తే చాలు, షడ్జ పంచమాలు రెండూ పలుకుతాయి. మూడు వేళ్లతో చేయాల్సిన పని ఒక్క వేలితో అయిపోతుంది. మిగతా వేళ్లకు స్వేచ్ఛ దొరుకుతుంది. శబ్దం బరువెక్కుతుంది. 'స్పూన్‌మ్యాన్', 'బ్లాక్ హోల్ సన్', 'లెట్ మీ డ్రౌన్' ఈ శ్రుతిలోనివే. కిమ్ థాయిల్ ఈ కిటుకును మెల్విన్స్ బృందం బజ్ ఆస్‌బోర్న్ దగ్గర తెలుసుకున్నాడు. సియాటిల్‌కు దూరంగా ఉన్న చిన్న ఊళ్లనుంచి వచ్చిన ఆ మెల్విన్స్, వేగం పెరుగుతున్న కాలంలో కావాలని నెమ్మదిగా వాయించినవాళ్లు. నిర్వానాకూ సౌండ్‌గార్డెన్‌కూ ఇద్దరికీ వాళ్ల రుణం ఉంది.

'మై వేవ్', 'ది డే ఐ ట్రైడ్ టు లివ్' పాటలకు శ్రుతి ఇంకా విచిత్రం. ఆరు తీగలూ 'ఇ', 'బి' అనే రెండు స్వరాల మీదనే ఉంటాయి. ఆలోచించండి, మళ్లీ షడ్జమం, పంచమం. తంబురా లాంటి ఏర్పాటు. ఒకే స్వరానికి కట్టిన రెండు మూడు తీగలు వెంట్రుకవాసి తేడాతో మోగినప్పుడు వాటి మధ్య ఒక మినుకు పుడుతుంది. తంబురా జీవాళిలో మనం వినే మెరుపుకు దగ్గరగా ఉంటుంది అది. అంతకుముందు 1991లో 'బ్యాడ్‌మోటార్‌ఫింగర్' ఆల్బమ్‌లోని 'మైండ్ రయట్' పాటకైతే ఆరు తీగలూ 'ఇ'కే కట్టారు. పెర్ల్ జామ్ బృందం బేస్ గిటారిస్టు జెఫ్ అమెంట్ వేళాకోళంగా అన్న మాటను సౌండ్‌గార్డెన్ గాయకుడు క్రిస్ కార్నెల్ పట్టుకుని నిజంగానే చేసి చూశాడు. మీరు మాత్రం ప్రస్తుతానికి డ్రాప్ డి దగ్గరే ఉండండి. అలవాటులేని శ్రుతికి బిగిస్తుంటే నా తీగ ఒకటి తెగి చూపుడువేలు చీరుకుంది. వారం రోజులు డ్రమ్ కర్ర పట్టుకోలేకపోయాను.

'బ్లాక్ హోల్ సన్' మీకు నచ్చిందన్నారు కాబట్టి, అందులో ఒక శబ్దాన్ని దగ్గరగా చూపిస్తాను. మొదట్లో విడివిడిగా జారే గిటార్ స్వరాలు నీళ్లలోంచి వస్తున్నట్టు ఊగుతాయి. అది లెస్లీ స్పీకర్. చెక్క పెట్టెలాంటి దానిలో శబ్దం వెలువడే భాగమే మోటారుతో గుండ్రంగా తిరుగుతుంది. శబ్దం మీవైపు వచ్చినప్పుడు స్వరం రవ్వంత పెరిగినట్టు, వెళ్లిపోతున్నప్పుడు తగ్గినట్టు వినబడుతుంది. రైలు కూత దగ్గరికి వచ్చి దూరమయ్యేటప్పుడు మారినట్టే. హామండ్ ఆర్గన్ కోసం తయారైన పెట్టె అది, వీళ్లు గిటార్‌ను అందులోంచి పంపారు. పాట ఒకే రాగచ్ఛాయలో నిలవదు కూడా. కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుంపులు) ఒక శ్రుతికి చెందినవి కావు, ఒక్కొక్కటీ ఒక్కొక్క గదిలోకి తలుపు తీస్తుంది. పైకి లాలిపాటలాగా ఉండి లోపల కలవరపెట్టడానికి కారణం ఇదే. రేడియోలో కోట్లమంది విన్న పాట, నిజానికి ఆల్బమ్‌లోని కష్టమైన పాటల్లో ఒకటి. మీరు అది నచ్చి మిగతావి కష్టమనుకుంటున్నారు, కాబట్టి ఇప్పటికే సగం దారి వచ్చేశారు.

ఆల్బమ్ ఎలా తయారైందో కొంచెం తెలిస్తే వినికిడి మారుతుంది. 1993 వేసవిలో సియాటిల్‌లోనే బ్యాడ్ యానిమల్స్ స్టూడియోలో రికార్డు చేశారు. నిర్మాత మైకేల్ బైన్‌హార్న్, బృందంతో కలిసి. మిక్సింగ్ బ్రెండన్ ఓబ్రయన్. బైన్‌హార్న్ శబ్దం విషయంలో పట్టువదలని మనిషి. ముందు అన్ని పాటల డ్రమ్స్, తర్వాత అన్ని పాటల బేస్ అన్న పద్ధతి పక్కనపెట్టి, ఒక్కో పాటను విడిగా తీసుకుని దానికి కావలసిన శబ్దం వెతికారు. డ్రమ్, బేస్ ముందు, వాటిమీద కార్నెల్, థాయిల్ పొరలు పొరలుగా. అందుకే పదిహేను పాటలూ ఒకే గదిలో పాడినట్టుండవు. 'ఫోర్త్ ఆఫ్ జులై' బురదలో కాళ్లీడ్చినట్టుంటుంది, దానికి రెండు పాటల ముందే నిమిషంన్నరలో ముగిసే 'కిక్‌స్టాండ్' ఉంటుంది. డెబ్బై నిమిషాల నిడివి ఒక్కటే నాకున్న ఫిర్యాదు. కొత్తవాళ్లు ఒక్క ఊపులో వినకూడదు. మీరు మూడుసార్లూ మొదటినుంచి చివరిదాకా విన్నారని రాశారు. అది మానేయండి, రోజుకు మూడు పాటలు చాలు.

పేరు గురించి కూడా చెబుతాను. ఒక వీడియో క్యాసెట్ మీద 'సూపర్‌క్లౌన్' అని ఉన్నదాన్ని కార్నెల్ పొరపాటున 'సూపర్‌అన్‌నోన్' అని చదివాడు. ఆ తప్పు మాట నచ్చి ఉంచేశాడు. 'స్పూన్‌మ్యాన్' పేరుకూ కథ ఉంది. సియాటిల్ నేపథ్యంలో వచ్చిన 'సింగిల్స్' సినిమా కోసం అందులోని కల్పిత బృందానికి జెఫ్ అమెంట్ కొన్ని పాటల పేర్లు రాసిచ్చాడు. పాటలు లేవు, పేర్లే. కార్నెల్ ఆ పేర్లకు పాటలు కట్టేశాడు. అందులో ఒకటి ఇది. పాటలోని మనిషి నిజమైనవాడే. సియాటిల్ వీధుల్లో చెంచాలతో తాళం వాయించే ఆర్టిస్ అనే కళాకారుడు. చివరికి ఆయన్నే పిలిచి పాటలో వాయింపజేశారు. క్యామరన్ వంటింటి గిన్నెలు, పెనాలు కూడా వాయించాడు. మధ్యలో గిటార్లు తప్పుకుని చెంచాల మోత వినిపించే చోటు మన కచేరీలో మృదంగం ఒక్కటే మోగే తనియావర్తనంలా అనిపించి, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఇక ఆ కాలం గురించి. ఈ సియాటిల్ బృందాలన్నిటికీ వాడే 'గ్రంజ్' అన్న మాటను ఒక శైలి పేరుగా పట్టుకుంటే తికమక పడతారు. అది ఒక ఊరి పేరు అనుకోండి. 1980లలో పెద్ద బృందాల యాత్రలు అమెరికా వాయవ్య మూలలో ఉన్న సియాటిల్ దాకా తరచుగా వచ్చేవి కావు. కుర్రాళ్లు ఒకరి కచేరీకి ఒకరు వెళ్లి, ఒకరి బృందంలోంచి ఇంకొకరి బృందంలోకి మారుతూ పెరిగారు. 1986లో 'డీప్ సిక్స్' అని ఒక సంకలనం వచ్చింది. గ్రీన్ రివర్, మెల్విన్స్, సౌండ్‌గార్డెన్, స్కిన్ యార్డ్, మాల్‌ఫంక్షన్, యు-మెన్ అనే ఆరు బృందాలు అందులో ఉన్నాయి. గ్రీన్ రివర్ చీలి ఒక పాయ మడ్‌హనీ అయింది. రెండో పాయ మదర్ లవ్ బోన్ మీదుగా పెర్ల్ జామ్ అయింది. ఇవన్నీ ఒకేలా ఉండవు. మడ్‌హనీది గరుకైన గ్యారేజ్ శబ్దం. పెర్ల్ జామ్‌ది 1970ల రాక్‌కు దగ్గర చుట్టరికం. ఆలిస్ ఇన్ చెయిన్స్‌లో రెండు గొంతులు పక్కపక్కనే నడిచే విషాదం. నిర్వానాలో పంక్ కోపం, దానితోపాటు బీటిల్స్ బాణీల మీద మమకారం. ఉన్న పోలిక ఏమిటంటే, లాస్ ఏంజెలెస్‌నుంచి వస్తున్న ఆనాటి హెయిర్ మెటల్ ఆర్భాటం మీద వీళ్లందరికీ విముఖత. వేలి వేగం చూపించే సోలోలు, దుస్తుల తళుకు, విజయగర్వం వీళ్లకు పట్టలేదు. పాటల్లో సిగ్గు, అలసట, భయం మాట్లాడాయి.

డబ్బు సంగతి చూస్తే ఆ కాలం వేగం అర్థమవుతుంది. నిర్వానా మొదటి ఆల్బమ్ 'బ్లీచ్'ను జాక్ ఎండినో రెసిప్రొకల్ అనే చిన్న స్టూడియోలో 606 డాలర్లకు రికార్డు చేశాడు. 1989లో సియాటిల్ రికార్డు సంస్థ సబ్ పాప్ విడుదల చేసింది. రెండేళ్లకు బుచ్ విగ్ నిర్మాతగా కాలిఫోర్నియాలో తీసిన 'నెవర్‌మైండ్' 1991 సెప్టెంబరు 24న వచ్చింది. అమెరికాలో మొదట పంపిన ప్రతులు యాభైవేల లోపే. 1992 జనవరి 11 నాటి బిల్‌బోర్డ్ జాబితాలో అది మైకేల్ జాక్సన్ 'డేంజరస్'ను దించి మొదటి స్థానంలోకి వచ్చింది. ఆ 1991లోనే ఆగస్టులో పెర్ల్ జామ్ 'టెన్', అక్టోబరులో సౌండ్‌గార్డెన్ 'బ్యాడ్‌మోటార్‌ఫింగర్' వచ్చాయి. ఆరు వారాల్లో ఒక ఊరు మూడు పెద్ద ఆల్బమ్‌లు ఇచ్చింది.

నిజానికి ఈ వరుసలో పెద్ద కంపెనీతో ముందు ఒప్పందం చేసుకున్నది సౌండ్‌గార్డెనే. 1984లో కార్నెల్, థాయిల్, హీరో యమమోటో కలిసి మొదలుపెట్టారు, 1980ల చివర్లోనే ఎ అండ్ ఎం సంస్థ వాళ్లను తీసుకుంది. కాని పెద్ద పేరు వాళ్లకు ఆలస్యంగా వచ్చింది. 1994 మార్చి 8న 'సూపర్‌అన్‌నోన్' విడుదలై నేరుగా మొదటి స్థానంలో దిగింది. మొదటి వారం మూడు లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది 'బ్లాక్ హోల్ సన్'కు, 'స్పూన్‌మ్యాన్'కు గ్రామీలు వచ్చాయి. ఏడు అక్షరాల రిఫ్ ఉన్న పాటకు గ్రామీ వచ్చిందంటే నాకు ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

ఆల్బమ్ వచ్చిన నెలలోపే, ఏప్రిల్ 5న, నిర్వానా గాయకుడు కర్ట్ కొబేన్ ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి నాలుగేళ్ల ముందే మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్‌తో పోయాడు. కార్నెల్‌కు అతను ఒకే ఇంట్లో ఉన్న స్నేహితుడు. ఆ దుఃఖంలో కార్నెల్ రాసుకున్న పాటలే 'టెంపుల్ ఆఫ్ ది డాగ్' ఆల్బమ్ అయ్యాయి. 2002లో ఆలిస్ ఇన్ చెయిన్స్ గాయకుడు లేన్ స్టేలీ, 2017 మే 18న డెట్రాయిట్‌లో కచేరీ ముగిసిన రాత్రి కార్నెల్ పోయారు. ఇప్పుడు 'సూపర్‌అన్‌నోన్' పాటల పేర్లు చూసి, ముందే చెప్పాడు చూడండి అనేవాళ్లు ఎక్కువయ్యారు. దయచేసి అలా వినకండి. చివరి పాట 'లైక్ సూయిసైడ్' ఎలా పుట్టిందో తెలుసుకోండి. కార్నెల్ ఇంట్లో పని చేసుకుంటుంటే ఒక పక్షి కిటికీ అద్దానికి వేగంగా వచ్చి కొట్టుకుంది. బయటికి వెళ్లి చూస్తే మెడ విరిగి కొట్టుకుంటోంది. దాని బాధ చూడలేక ఇటుకతో ఒక్క దెబ్బ వేసి ముగించాడు. ఏడు నిమిషాల పాట ఆ పక్షి కోసం. క్యామరన్ మెల్లగా మొదలుపెట్టి, చాలాసేపు బిగబట్టి, చివరి మూడో వంతులో చేతులు వదిలేస్తాడు. కార్నెల్ గొంతు పైకి లేచేది కూడా అప్పుడే. ముప్పై ఏళ్ల వయసులో అంత శ్రద్ధగా పని చేసుకున్న మనిషి కృషిని, తర్వాత ఎప్పుడో జరిగినదానికి సాక్ష్యంగా మార్చడం అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ రెండో ప్రశ్న. కిమ్ థాయిల్ తల్లిదండ్రులు కేరళవాళ్లు. అతను 1960లో సియాటిల్‌లో పుట్టి, షికాగో దగ్గర పార్క్ ఫారెస్ట్‌లో పెరిగి, ఇరవై ఏళ్లప్పుడు మళ్లీ ఈ వైపు వచ్చాడు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివాడు. తల్లి సంగీత ఉపాధ్యాయురాలు. సబ్ పాప్ పెట్టిన బ్రూస్ పావిట్ కూడా పార్క్ ఫారెస్ట్ స్నేహితుడే. పావిట్‌నూ, సబ్ పాప్‌లో అతని భాగస్వామి జొనాథన్ పోన్‌మన్‌నూ కలిపింది థాయిలే. అంటే ఆ ఊరి సంగీతం ప్రపంచానికి చేరిన తలుపు దగ్గర ఒక మలయాళీ కుర్రాడు ఉన్నాడు. గర్వపడండి, తప్పులేదు. అయితే అతని గిటార్‌లో కర్ణాటక సంగీతం వెతకకండి. అతన్ని తయారుచేసినవి కిస్, ఎంసి5, స్టూజెస్, రామోన్స్. ఆల్బమ్‌లో కాస్త తూర్పుదేశాల ఛాయ ఉన్న 'హాఫ్' అనే చిన్న పాట ఉంది, అది బేసిస్టు బెన్ షెపర్డ్ కట్టి పాడినది. థాయిల్‌కు భారతీయుడన్న కారణంగా సితార్ శబ్దం అంటగట్టడం ఆయన సొంత బుర్రను చిన్నబుచ్చడమే. ఆయన గొప్పతనం వినాలంటే 'బ్లాక్ హోల్ సన్' సోలో వినండి. స్వరాలు వరుసగా రావు, కేకల్లా, గీకుళ్లలా, తీగ వంచి వంచి విడిచిన మూలుగుల్లా వస్తాయి. తీగలను బ్రిడ్జికి (గిటార్ మీద తీగలు ఆనే పట్టీకి) అవతలివైపు, ఎవరూ వాయించని ఆ కాస్త ముక్క మీద మీటడం కూడా ఆయన అలవాటు.

అదే కాలంలో ఇంకొక భారతీయ మూలాలున్న మనిషి ఉన్నాడు, ఆయన పేరు తక్కువమందికి తెలుసు. రిక్ పరాశర్. సియాటిల్ ఉత్తరాన లండన్ బ్రిడ్జ్ స్టూడియోను సోదరుడితో కలిసి పెట్టాడు. 'టెంపుల్ ఆఫ్ ది డాగ్', పెర్ల్ జామ్ 'టెన్' ఆయన నిర్మాణంలోనే రికార్డయ్యాయి. కొన్ని పాటల్లో పియానో, ఆర్గన్ కూడా ఆయనవే. 2014లో చనిపోయాడు. 'టెన్' వింటున్నప్పుడు ఆ పేరు ఒకసారి గుర్తుచేసుకోండి.

బృందం పేరు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పి మీకు అభ్యాసం ఇస్తాను. వాషింగ్టన్ సరస్సు ఒడ్డున ఒక ప్రభుత్వ వాతావరణ పరిశోధన ప్రాంగణం ఉంది. అందులో 'ఎ సౌండ్ గార్డెన్' అనే శిల్పం ఉంది. పన్నెండు ఎత్తైన ఉక్కు స్తంభాలు, పైన ఆర్గన్ గొట్టాలు. గాలి ఎటు వీస్తే అటు తిరిగి మోగుతాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ప్రవేశద్వారం దగ్గర గుర్తింపు కార్డు చూపించి, నీటి ఒడ్డున నడిచి వెళ్లాను. గాలి లేదు, ఏమీ వినబడలేదు. అరగంట కూర్చున్నాక సరస్సు మీదినుంచి ఒక తెర వచ్చింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే వచ్చే శబ్దంలాంటిది, చాలా కింది స్థాయిలో మొదలై, ఒక గొట్టంనుంచి ఇంకో గొట్టానికి పాకింది. దానికి తాళం లేదు. గాలి తగ్గితే ఆగింది, పెరిగితే లేచింది. 'హెడ్ డౌన్' పాట మొదట్లో ఆ మూలుగు నాకు మళ్లీ వినిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు అభ్యాసం. ఈ వారం గిటార్ పక్కన పెట్టండి. రెండు స్టీలు చెంచాలు తీసుకోండి, బరువుగా ఉన్నవైతే మంచిది. వీపులు ఒకదానికొకటి ఎదురుగా ఉండేలా పట్టుకుని, రెండు కాడల మధ్య చూపుడువేలు దూర్చి, మిగతా వేళ్లతో బిగించండి. చెంచాల బొజ్జల మధ్య చిన్న సందు ఉండాలి. కుర్చీలో కూర్చుని తొడకూ, దానిపైన చాచిన అరచేతికీ మధ్య కొట్టండి. కింద తొడ మీద ఒక దెబ్బ, పైన అరచేతికి ఒక దెబ్బ. మొదటి రోజు మోత సరిగ్గా రాదు, తొడ మాత్రం ఎర్రబడుతుంది. రెండో రోజుకు వస్తుంది. అప్పుడు పాట పెట్టకుండా, నెమ్మదిగా 'తకధిమి తకిట' పలుకుతూ, 'త' దగ్గర మాత్రమే తొడ మీద గట్టిగా వేయండి. ఏడో అక్షరం అయ్యాక చెయ్యి ఎనిమిదో దెబ్బ కోసం దానంతటదే ఆగబోతుంది. ఆగనివ్వకండి, వెంటనే మొదటి 'త' వేసేయండి. యాభై ఆవర్తనాలు తప్పకుండా వచ్చిన రోజున 'స్పూన్‌మ్యాన్' పెట్టుకుని దానితోపాటు వాయించండి. తర్వాత 'మై వేవ్'కు ఐదు, 'ఫెల్ ఆన్ బ్లాక్ డేస్'కు ఆరు. పదిహేను దగ్గర ఎక్కడ తడబడ్డారో నాకు రాయండి, ఆ చోటు చూసి చెబుతాను.